చలి నీళ్ళలో గాలము పోటీ

గాలము పట్టుకొని గట్టున కూర్చున్న మనిషిని చూస్తే మన పల్లెల్లో సాధారణముగా ఒకే మాట అంటారు: "పనీ పాటా లేనివాడు". ఆ మాట కొందరి విషయములో నిజమే కావచ్చు. అయితే చలికాలములో, ఎముకలు కొరికే గాలిలో, అయిదు గంటలపాటు ఒకేచోట కూర్చుండి, తన కోసము కాక తన జట్టు కోసము ఒక్క చేపనైనా పట్టవలెనని పాటుపడే మనుషులు కొందరున్నారు. ఈ నెల మన కుటుంబములకు వారిని గూర్చి చెప్పదలచితిమి. యౌవనస్థులు ఈ సంగతి ప్రత్యేకముగా చదవవలెనని మా కోరిక.

రెండు ఉక్కు పట్టణములు

విశాఖపట్నము నుండి అనకాపల్లి వైపు జాతీయ రహదారి మీద వస్తే గాజువాక దాటిన తరువాత కూర్మన్నపాలెము కూడలి వస్తుంది. ఉక్కు కర్మాగారమునకు, ఉక్కునగరమునకు వెళ్ళేవారు దిగే చోటు ఇదే. 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అంటూ ఉద్యమము లేచింది. 1971 జనవరి 20న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేశారు. అప్పటినుండి కూర్మన్నపాలెము జీవితము షిఫ్టుల లెక్కన సాగుతున్నది.

ఉక్కుకు నిప్పెంత అవసరమో నీరూ అంతే అవసరము. ఏలేరు నుండి సుమారు 150 కిలోమీటర్ల కాలువ ద్వారా వచ్చే నీరు కణితి జలాశయములో నిలువ ఉండి కర్మాగారమునకు అందుతుంది. మరొక వైపు మేఘాద్రిగెడ్డ జలాశయము నగరమునకు త్రాగునీరు ఇస్తున్నది. ఇవికాక చుట్టుపట్ల ఊరి చెరువులు, గెడ్డలు ఉన్నాయి. షిఫ్టు దిగినవారు, సెలవు దొరికినవారు, బడిపిల్లలు ఆ చెరువుగట్ల మీద వెదురు కర్రతోనో, బజారులో కొన్న మడత కర్రతోనో కనబడడము మనము ఎరిగినదే. మనకది కాలక్షేపము. చేప పడితే ఆ పూటకు పులుసు, పడకపోతే ఇంటిలో నాలుగు మాటలు.

ఇంగ్లండు దేశములో షెఫీల్డు అనే పట్టణము ఉన్నది. అదియు ఉక్కు పట్టణమే. కత్తులు, పనిముట్లు చేయుటలో దానికి ప్రపంచమంతటా పేరు. పందొమ్మిదవ శతాబ్దములో అక్కడి కార్మికులు కొలుముల వేడిలోను, సానరాళ్ళ దుమ్ములోను వారమంతా పనిచేసి, సెలవు దొరికినప్పుడు రైలెక్కి లింకన్‌షైర్ నదుల గట్లకు వెళ్ళేవారు. వందలమంది వరుసగా కూర్చుండి గాలము వేసేవారు. ఎవరి బుట్టలో బరువు ఎక్కువ అన్నదే పందెము.

ఆ దేశములో సాల్మన్, ట్రౌట్ అనే చేపలు ధనవంతుల వినోదము. అవి ఉండే నీళ్ళు ఎక్కువగా భూస్వాముల చేతిలో ఉండేవి. తక్కిన మంచినీటి చేపలన్నిటిని ముతక రకము క్రింద లెక్కకట్టారు. ఆ ముతక రకమే కార్మికునికి మిగిలింది. ఆ మిగిలినదానినే వారు శ్రద్ధగా కాపాడుకొన్నారు. గుడ్లుపెట్టే కాలములో చేపను పట్టరాదని షెఫీల్డు గాలము సంఘములవారు పట్టుబట్టగా, ఆ పట్టణమునకు పార్లమెంటు సభ్యుడైన ముండెల్లా 1878లో చట్టము తెచ్చారు. నేటికిని ఇంగ్లండు నదులలో మార్చి 15 నుండి జూన్ 15 వరకు ఈ రకము చేపలకు గాలము వేయకూడదు. మన తూర్పు తీరములో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు సముద్రములోనికి పోకుండ ఆపుచున్నారు గదా! రెండిటి వెనుక ఉన్న ఆలోచన ఒక్కటే. ఈ రోజు విడిచిపెట్టినదే రేపటికి మిగులుతుంది.

1903లో అక్కడి సంఘములన్నీ కలిసి జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1906లో మొట్టమొదటి అఖిల ఇంగ్లండు పోటీ జరిగింది. కాలక్రమములో చలికాలపు లీగు పోటీలు వచ్చాయి. అక్టోబరు మొదలు మార్చి లోపల కొన్ని వారాల వ్యవధిలో ఒక్కొక్క పోటీ పెట్టి, జట్ల మార్కులు కూడి, చివరకు విజేతను తేలుస్తారు. ఈ కాలములో అనేక పోటీలు నదుల మీద కాక, పొలాలలో త్రవ్వి కార్పు చేపలను పెంచిన కుంటల మీద జరుగుతున్నాయి.

పోటీ ఎట్లు జరుగుతుంది?

ఉదయమే అందరు ఒకచోట చేరుతారు. ఒక సంచిలో అంకెలు వేసిన చీట్లు ఉంటాయి. గట్టు పొడవునా కొన్ని గజాలకొక మేకు పాతి, దానికి అంకె వేసి ఉంటుంది. ఎవరి చేతికి ఏ అంకె వస్తే ఆ మేకు దగ్గరనే కూర్చోవలెను. మంచి చోటు కావలెనని అడుగుటకు వీలులేదు. జట్టు నాయకుడైనను, నిన్న చేరిన కుర్రవాడైనను చీటిలో ఉన్నదే వాని చోటు.

ఎవరి చోటికి వారు సామాను మోసుకొనిపోయి, సీసపు గుండు కట్టి నీటి లోతు కొలుచుకొంటారు. బెండు ఎంత ఎత్తున కట్టవలెనో అప్పుడు తెలుస్తుంది. విజిల్ మోగేవరకు ఎర నీటిలో పడరాదు. సాధారణముగా పది గంటలకు మొదలై మూడు గంటలకు ముగుస్తుంది. చివరి విజిల్ మోగిన తరువాత దారము నీటిలో ఉండరాదు.

పట్టిన చేపను చంపరు. పొడవాటి వలసంచి ఒకటి నీటిలో వేలాడుతుంటుంది. చేపను అందులోనికి వదలుతారు. పోటీ ముగిశాక నిర్వాహకులు కాటా పట్టుకొని మేకు మేకుకూ వచ్చి, అందరు చూస్తుండగా తూచి, కాగితము మీద బరువు వ్రాసుకొని, చేపలన్నిటిని తిరిగి నీటిలో విడిచిపెడతారు. అందుకే అనేక కుంటలలో ఎదురుముల్లు లేని గాలములనే వాడవలెనని నియమము. చేపను పట్టుకొనే ముందు చేతులు తడుపుకోవలెను. పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. ఆ జిగురే దానికి రోగము అంటకుండ కాపాడే కవచము.

చలిలో చేప ఏమి చేస్తుంది?

మన ఒంటి వేడి చలిలోను ఎండలోను ఒక్కటిగానే ఉంటుంది. చేప అట్లు కాదు. నీరు ఎంత చల్లబడితే దాని ఒళ్ళూ అంత చల్లబడుతుంది. ఒళ్ళు చల్లబడితే ఆకలి తగ్గుతుంది, అరుగుదల మందగిస్తుంది, కదలిక తగ్గుతుంది. నీటి వేడిమి 10 డిగ్రీల లోపునకు దిగితే కార్పు చేప మేత బాగా తగ్గించివేస్తుంది. 4, 5 డిగ్రీల దగ్గర దాదాపు కదలక పడి ఉంటుంది. అయినను చావదు. సృష్టిలోని ఒక విచిత్రము అందుకు తోడ్పడుతున్నది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటె బరువుగా ఉంటుంది. కాబట్టి పైన మంచు గడ్డకట్టినా, లోతైన కుంట అడుగున ఆ కాస్త వేడి నిలిచి ఉంటుంది. చేపలు అక్కడికి చేరి గుంపుగా ఉండిపోతాయి.

కార్పు జాతి శరీర నిర్మాణము కూడ తెలిసికొనదగినది. దానికి దవడల మీద పళ్ళుండవు. గొంతులో ఉంటాయి. ఎరను నోటితో పీల్చుకొని, రుచిచూచి, నచ్చకపోతే వెంటనే ఉమ్మివేస్తుంది. మనకున్నట్టు దానికి జీర్ణాశయపు సంచి లేదు. తిన్నది తిన్నగా ప్రేగులోనికి పోతుంది. అందుచేత ఒకేసారి కడుపారా తిని నిలువ చేసికొనే చేప కాదిది. కొద్దికొద్దిగా తింటూ తిరుగుతుంది. చలిలో ఆ కొద్ది మరింత కొద్ది అవుతుంది.

కాబట్టి వేసవిలో గెలిపించే పద్ధతి చలిలో ఓడిస్తుంది. వేసవిలో గంపెడు మేత చల్లి చేపలను పిలవవచ్చును. చలికాలములో అట్లు చల్లితే, రెండు గింజలతో సరిపెట్టుకొనే చేప ముందర వెయ్యి గింజలు పోసినట్లవుతుంది. అది తినే ఆ రెండు గింజలలో మన గాలమునకున్న గింజ ఒకటి కావడము కష్టము. ఒకసారి వేసిన మేతను నీటిలోనుండి తిరిగి తీయలేము. అనుభవజ్ఞులు చలిలో ఒక చిన్న గిన్నెలో చిటికెడు మేత పెట్టి, పొడవాటి కర్ర చివరనుండి సరిగ్గా గాలము మీదికే వంచుతారు. ఎర ఒక మొక్కజొన్న గింజ, లేదా ఒకటి రెండు ఈగ పురుగులు. దారము తలవెంట్రుక వలె సన్నము. బెండు మునగదు, గడ్డిపోచ కదిలినట్లు కొంచెము కదులుతుంది, అంతే. ఆ కదలికను చూడగలిగినవానికే చేప.

మరొక సంగతి. మధ్యాహ్నము దాటేసరికి ఎండ నీటిని కొంచెము కాస్తుంది. అరడిగ్రీ పెరిగినా చేపకు తెలుస్తుంది. నాలుగు గంటలు ఏమీ పడని చోట చివరి గంటలో చేపలు పడడము చలికాలములో తరచుగా జరిగేదే. రెండు గంటలకే విసిగి సామాను సర్దుకొన్నవానికి ఆ గంట దక్కదు.

జట్టు లెక్క

ఈ పోటీలలో మాకు ఎక్కువ నచ్చినది మార్కులు వేసే విధానము. గట్టునంతటిని భాగములుగా విడగొడతారు. ఒక్కొక్క జట్టు నుండి ఒక్కొక్కరు ఒక్కొక్క భాగములో కూర్చుంటారు. అంటే ఒకే జట్టువారు ప్రక్కప్రక్కన ఉండరు. ఎవరికి వారు ఒంటరిగా, పరుల మధ్య కూర్చోవలెను. బరువులన్నీ కలిపి కూడరు. ప్రతి భాగములోను ఎవరిది ఎన్నవ స్థానమో చూచి మార్కులు వేస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాము. 10 జట్లు, జట్టుకు 5గురు, 5 భాగములు అనుకొందాము. భాగములో మొదటివానికి 10 మార్కులు, రెండవవానికి 9, అట్లు దిగుతూ చివరివానికి 1. చేప అసలే పడనివానికి సున్న. మొదటి జట్టులో ఒకడు 30 కిలోల కార్పులు పట్టి అందరిచేత చప్పట్లు కొట్టించుకొన్నాడు. వానికి 10 మార్కులు. మరి ఇద్దరికి ఐదేసి. మిగిలిన ఇద్దరు ఒట్టిచేతులతో లేచారు. మొత్తము 20. రెండవ జట్టులో ఎవరూ గొప్పగా పట్టలేదు. అయిదుగురికి ఐదేసి మార్కులే. మొత్తము 25. కాగితము మీద ముందున్నది రెండవ జట్టు.

అందుచేత చెడ్డ చీటి వచ్చినవాడే జట్టుకు ముఖ్యుడవుతాడు. మంచి చోట కూర్చున్నవాడు ఎటూ పట్టుతాడు. నీడలో, లోతులేని చోట, ఎదురుగాలిలో పడినవాడు ఏమి చేస్తాడన్నదే ప్రశ్న. పెద్ద కార్పు కోసమే కూర్చుంటే వానికి సున్న రావచ్చును. వివేకి అయితే గాలము చిన్నది చేసి, ఎర చిన్నది చేసి, రోచ్ అనే వేలెడు చేపనైనా పట్టుతాడు. దాని బరువు ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాములు. ఇంటికి తీసికొనిపోతే ఎవరూ మెచ్చరు. ఆ ఒక ఔన్సు మాత్రము సున్నను మార్కుగా మార్చుతుంది. లీగు అంతా అయిన తరువాత లెక్క చూస్తే ఆ ఒక్క మార్కే జట్టును నిలబెట్టిన సందర్భములు ఉంటాయి. వాడు కార్పు పట్టిన వీరుని వలె ఫోటోలో ఉండకపోవచ్చును. వాని తోటివారికి మాత్రము తెలుసు.

సువార్తలలో చేపలు పట్టిన సంగతులు చాలా ఉన్నాయి, దాదాపు అన్నిటిలోను వలలే. గాలము మాట వచ్చేది మత్తయి సువార్త 17వ అధ్యాయములో ఒక్కచోటనే. పేతురు అక్కడ పట్టవలసినది ఒకే ఒక చేప. ఆ చేప నోట దొరికే నాణెము ప్రభువుకును పేతురుకును ఇద్దరి పన్నుకు సరిపోయేది. ఒకరి గాలమునకు పడినది ఇద్దరికి అక్కరకు వచ్చిందన్నమాట.

మన చెరువులలో కార్పులు

కార్పు అంటే పరదేశపు చేప అనుకోనక్కరలేదు. మన బొచ్చె, రోహు, మోసు ఈ కుటుంబమువే. శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల గూర్చి ప్రచురించిన గ్రంథములో ఈ మూడిటిని వర్ణించారు. బంగారుతీగ అని మనము పిలిచేది బయటినుండి వచ్చినది. 1939లో నీలగిరులకు ఒక రకము, 1957లో బాంకాక్ నుండి మరొక రకము తెచ్చారు. గడ్డిచేప, వెండిచేప 1959లో వచ్చాయి.

బొచ్చె, రోహు పారే నీటిలో, వరదకాలములో గ్రుడ్లు పెడతాయి. నిలువనీటి చెరువులో పెట్టవు. ఒకప్పుడు వీటి పిల్లలను నదులలో ఏరి తెచ్చుకోవలసివచ్చేది. 1957 జూలై 10న ఒరిస్సాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి చేప మెదడులోని పిట్యూటరీ గ్రంథి రసమును సూదిమందుగా ఎక్కించి గ్రుడ్లు పెట్టించడములో విజయము సాధించారు. అందువలననే నేడు మారుమూల చెరువులోను పిల్లలు వదలగలుగుతున్నారు. కొల్లేరు ప్రాంతములో చేపల చెరువులు పెరిగి, ఐసులో సర్దిన బొచ్చెలు, రోహులు లారీలలో హౌరాకు పోవడము మొదలైంది. ఆ లారీలు చాలా కాలము కూర్మన్నపాలెము మీదుగానే పోయేవి. కలకత్తావారికి ఈ చేప తినుటలోనే కాదు, పట్టుటలోను మక్కువ. టిక్కెట్టు కొని చెరువుగట్టున గాలము వేయుట అక్కడ పాత అలవాటు.

విశాఖలో జనవరి రాత్రులు కూడ సాధారణముగా 17, 18 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఇంగ్లండు చలి మనకు లేదు. అయినను మన రోహు, బొచ్చె వెచ్చని నీటికి అలవాటుపడినవి. చలి రాగానే అవి మేత తగ్గిస్తాయని చెరువు రైతులకు తెలుసు. వారును మేత తగ్గించి వేస్తారు. బంగారుతీగ చలికి కొంచెము ఎక్కువ ఓర్చుకొంటుంది. అది అడుగున బురదలో వెదకి తినే చేప. బొచ్చె పైనీటిలోను, రోహు మధ్యలోను తిరుగుతాయి. కాబట్టి చలికాలములో గాలము వేసేవారు ఎండ ఎక్కిన తరువాత, లోతుచూచి, అడుగుకు తగిలేటట్లు, చిన్న ఎర్రతోనో వ్రేలిగోరంత పిండిముద్దతోనో ప్రయత్నించుట మంచిది. తవుడు, చెక్క చల్లేవారు వేసవిలో చల్లే పాళ్ళు మరచిపోవలెను.

మన యౌవనస్థులకు

గాలము పోటీ మన ఊళ్ళలోను పెట్టుకొనవచ్చును. పెద్ద ఖర్చు అక్కరలేదు. వెదురు కర్రలు, అంకెల చీట్లు, ఒక విజిల్, ఒక కాటా చాలును. కాని ముందుగా గమనించవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, చెరువు ఎవరిదో తెలిసికొనవలెను. ఊరి చెరువులలో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘమునకో, పాటకు పాడుకొన్నవారికో ఉంటుంది. చేపపిల్లలను వారు డబ్బు పెట్టి వదిలారు. అది వారి పిల్లల అన్నము. వారిని అడిగి, తూచిన చేపను వారికే ఇచ్చివేయుటకో తిరిగి నీటిలో వదలుటకో ఒప్పుకొని, అప్పుడే గట్టు ఎక్కవలెను. త్రాగునీటి జలాశయములు, కర్మాగారపు నీళ్ళు కాపలా ఉన్న చోట్లు. అనుమతి లేనిదే వెళ్ళరాదు.

రెండవది, ప్రాణము. ఈత రాని పిల్లలను ఒంటరిగా గట్టుకు పంపరాదు. తూముల దగ్గర, పాకుడుపట్టిన మెట్ల దగ్గర, నిండుగా పారే కాలువ ఒడ్డున కూర్చోరాదు. పొడవాటి తాడు, గాలి నింపిన ట్యూబు ఒకటి దగ్గర ఉంచవలెను. ఈ కాలపు నల్లని కార్బన్ కర్రలు విద్యుత్తును ప్రవహింపజేస్తాయి. కరెంటు తీగల క్రింద వాటిని ఎత్తరాదు. తెగిన నైలాను దారము గట్టున విడిచివస్తే కొంగల కాళ్ళకు, మేకల నోళ్ళకు చుట్టుకొంటుంది, ఏరి తెచ్చుకోవలెను.

మూడవది, మార్కులను పైన చెప్పినట్లు స్థానములను బట్టి వేయవలెను. పెద్ద చేపకు మాత్రమే బహుమానమిస్తే ఒకడు సంతోషించి తొమ్మిదిమంది ఇంటికి పోతారు. స్థానములను లెక్కించితే, చెడ్డ చీటి వచ్చిన కుర్రవాడు కూడ చివరి విజిల్ వరకు కూర్చుంటాడు. వాని పరక పిల్లను కూడ అందరి ఎదుట కాటా మీద పెట్టి, బరువు పైకి చదివి, కాగితములో వ్రాయవలెను.

తల్లిదండ్రులారా, మన పిల్లలందరికి మంచి చోటు రాదు. కొందరికి మంచి బడి, కొందరికి మంచి ఉద్యోగము, కొందరికి మంచి ఆరోగ్యము చీటిలో రాకపోవచ్చును. షిఫ్టుల పని మీద బ్రతికే ఇళ్ళకు, వాన మీద బ్రతికే ఇళ్ళకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రక్కవాని చోటు చూచి నిట్టూర్చుటకు అయిదు గంటలు చాలవు. తన చోట లోతు కొలుచుకొని, ఎర చిన్నది చేసికొని, ఇంటివారి లెక్కలో సున్న పడకుండ చూచుకొనే బిడ్డను మనము పెద్ద చేప తెచ్చిన బిడ్డతో సమానముగా మెచ్చుకొంటున్నామా? ఈ చలికాలములో మన ఇండ్లలో దీనిని గూర్చి మాటలాడుకొందుము గాక.